మార్లిస్ కప్పు

నా భార్య మార్లిస్ పేరు మీద, బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట పోటీ పెడతామని బెవ్ చెప్పినప్పుడు, నేనూ ఆడవచ్చా అని మాత్రం అడిగాను. బెవ్ మా ఊరి బార్ యజమానురాలు. నువ్వు ఆడకపోతే ఎలా అంది. ఆ మాట వెనక ఏముందో నాకు అప్పుడు తట్టలేదు.

మా వైపు ఇది మామూలే. ఎవరైనా పోతే ప్రార్థన సంగతి పాస్టరు చూసుకుంటాడు, మిగతాది బార్ చూసుకుంటుంది. మంచు కరిగాక ఒక శనివారం పోయినవాళ్ళ పేరు మీద ఆడతారు. ఆ పేరు చెక్కిన కప్పు ఒకటి పెడతారు. గెలిచినవాడి పేరు దాని కింద చెక్కిస్తారు.

మార్లిస్ పేరు కింద నా పేరే ఉండాలి. ఇంకొకడిది ఉండకూడదు. నాకు కావలసింది అంతే.

ఆవులను అంతకుముందే అమ్మేశాను. పొద్దున్నే లేవడానికి పని లేదు. ఈ పోటీ మాట విన్నాక పని దొరికింది. చలికాలమంతా షెడ్డులో పాత టేబుల్ మీద ఒక్కణ్ణే ఆడాను. వేళ్ళు కొయ్యబారితే హీటరు దగ్గర కాచుకుని మళ్ళీ వంగాను. ఒకే బంతిని క్యూ కర్రతో టేబుల్ అంచున ఒకే పాకెట్ గుంటలోకి, విసుగు వచ్చి పోయేదాకా కొట్టాను.

పూల్‌లో చెయ్యి తిరిగినవాళ్ళు చాలామంది ఉంటారు. పోటీ ముదిరేకొద్దీ వాళ్ళ మధ్య తేడా తగ్గిపోతుంది. అప్పుడు గెలవాలని ఎవడికి ఎక్కువగా ఉంటే వాడి బంతి పడుతుంది. మార్లిస్‌కి ఆ కోరిక పుట్టుకతో వచ్చింది. కాపురం చేసినన్నాళ్ళూ నాకు ఒక్క ఆట ఊరికే వదల్లేదు. ఆసుపత్రి మంచం మీద పేకాటలోనూ ఓడించింది. పాపం, ఒక్కసారి ఆయన్ని గెలవనివ్వండి అని నర్సు నవ్వితే, "ఆయన్ని అంత చిన్నచూపు చూడటం నాకు చేతకాదమ్మా" అంది.

పోటీ రోజు బార్ కిక్కిరిసింది. మొదట డెల్మర్‌ని ఓడించాను. వాడు పాల టాంకరు నడుపుతాడు, ఆట అంతంత మాత్రం. తర్వాత గేలెన్. వాడు మెకానిక్. వాడి మీద నేను గెలిచిన రోజులు తక్కువ. ఆ రోజు చిన్నపిల్లలు కూడా వేసే బంతికి గురి తప్పి తల గోక్కున్నాడు. నా చలికాలం వృథా పోలేదనుకున్నాను. ఒక్కొక్కడూ ఓడిపోతుంటే నా నడుము నిటారైంది. చాలా నెలల తర్వాత ఆకలి వేసింది. బెవ్ తెచ్చిన వేయించిన చీజ్ ముక్కలు గిన్నెడు తిన్నాను.

ఆఖరి ఆట వెర్లిన్‌తో. వాడిదీ నాదీ పక్కపక్క పొలాలు, ఒకే బడి. మార్లిస్ శవపేటిక మోసినవాళ్ళలో ముందు వరుస వాడిది. చుట్టుపక్కల వాడిని మించిన ఆటగాడు లేడు.

మా బార్‌లో ఒక నియమం ఉంది. ఆట ముగించే నల్ల బంతిని కొట్టేముందు, అది ఏ పాకెట్‌లో పడుతుందో చెప్పి, ఆ పాకెట్ పక్కన బీరు గ్లాసు కింద పెట్టే అట్ట పెట్టాలి. పెట్టకుండా కొడితే, బంతి పడినా ఆట అవతలివాడిది. అయితే అవతలివాడు నోరు తెరిచి ఆ ఆట అడగాలి. అడగకపోతే పడిన బంతి పడినట్టే. తాగి తూలేవాడు కూడా అట్ట పెట్టడం మరిచిపోడు. కొత్తవాళ్ళు మరిస్తే వాళ్ళ ఆట నిర్దాక్షిణ్యంగా లాక్కుని నేర్పించేవాడు వెర్లినే.

చెరొక ఆట గెలిచాం. మూడోదానిలో నా వంతు గీతల బంతుల్లో ఒకటి పాకెట్ అంచున తగిలి ఆగిపోయింది. వెర్లిన్ వంగాడు. వాడి బంతులు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. ఒక్క దెబ్బ కూడా వంక పెట్టడానికి లేదు. ఓడిపోతున్నా చూడబుద్ధేసే ఆట. చివరికి నల్ల బంతి మిగిలింది. వాడు క్యూ మొనకు సుద్ద రుద్దుకున్నాడు, వంగాడు, కొట్టాడు. బంతి మూల పాకెట్‌లో పడింది.

పాకెట్ పక్కన అట్ట లేదు.

నేను అది గమనించేలోపే వెర్లిన్ నా వైపు తిరిగాడు.

"అయ్యో, అట్ట పెట్టడం మరిచానే. ఆట నీదేరా ఆర్డెల్."

పక్కకు చూశాను. బెవ్ కప్పు పట్టుకుని నిలబడి ఉంది. వాడి పక్కన కాదు, నా పక్కన. ఎప్పుడు వచ్చిందో తెలియదు. బంతి పడ్డాక వచ్చేంత సమయం లేదు.

"మరిచావా?" అన్నాను.

"వయసు మీద పడటం లేదూ."

"మార్లిస్ మీద ఒట్టేసి చెప్పు."

వాడు క్యూ గోడకు ఆనించాడు. ఒట్టు వెయ్యలేదు.

"ఊరంతా అది నీకే రావాలనుకుందిరా. అందులో తప్పేముంది? తీసుకో."

గేలెన్ కోసం చూశాను. వాడు తన బీరులోకి చూస్తున్నాడు. డెల్మర్ టీవీ వైపు తిరిగాడు. టీవీ ఆపి ఉంది.

"గేలెన్ కూడానా?"

"వదిలెయ్యరా. నీ మంచికే."

నేను చెడిపోయానని ఎవరు చెప్పారు వీళ్ళకు? నా బంతుల్లో ఏవి నిజంగా పడ్డాయో, ఏవి పడనిచ్చారో ఇక నాకెప్పటికీ తెలియదు. షెడ్డులో గడిపిన చలికాలాన్ని అందరూ కలిసి ఒక మధ్యాహ్నంలో చెల్లకుండా చేశారు. నన్ను ఓడించి ఉంటే ఇంటికి వెళ్ళి మళ్ళీ టేబుల్ దగ్గర నిలబడేవాణ్ణి.

"నేను ఆట అడగలేదు. అడగను. నియమం ప్రకారం గెలిచింది నువ్వు."

బెవ్ నా మోచెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను.

"నాకా కప్పు వద్దురా" అన్నాడు వెర్లిన్.

"తెలుసు. అందుకే నీకిస్తున్నా. ఆమె పేరు కింద నీ పేరు చెక్కించుకో. ఇంట్లో పెట్టుకుని చూసుకో."

కోటు తీసుకుని వచ్చేశాను.

తర్వాత వెర్లిన్ వాళ్ళావిడ వంట గిన్నె గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళింది. అలాగే తిప్పి పంపాను. వెర్లిన్ ఫోన్ చేస్తాడు, నేను ఎత్తను. చెడు చెయ్యాలని చెయ్యలేదంటాడట అందరితో. నా దగ్గర నుంచి ఏం తీసుకున్నాడో వాడికి తెలుసు. గెలవాలనే ఆ కోరిక వాడికీ ఉండేది. దాని విలువ తెలియనివాళ్ళను క్షమించవచ్చు. వాడిని కాదు.

ఇప్పుడు గురువారాలు నది దాటి అవతలి రాష్ట్రంలో ఒక బార్‌కి వెళుతున్నాను. అక్కడ నా పేరు తప్ప ఎవరికీ ఏమీ తెలియదు. మొదటి వారమే రోండా అనే లారీ డ్రైవరు నన్ను చిత్తుగా ఓడించింది. నాకు ఒక్క బంతి కూడా సులువుగా వదల్లేదు. అట్ట టపీమని పెట్టి నల్ల బంతిని పడగొట్టి, క్యూ భుజాన వేసుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏం తాతా, ఇంటికెళ్ళి మామ్మ ఒళ్ళో ఏడుస్తావా?"

"బంతులు పేర్చు" అన్నాను.

మామ్మ సంగతి చెప్పలేదు. చెబితే ఆమె తర్వాతి బంతి కావాలనే తప్పించేదేమో.