కారం చేతులు

మిరపకాయ పట్టుకున్న చేత్తో కన్ను నలుపుకుంటే ఏమవుతుందో గుంటూరు పక్కవాళ్ళకి ఒకరు చెప్పాలా? అయినా సరే, వీరమ్మ మొట్టమొదటిసారి నమాజుకి సిద్ధపడిన రోజు ఆ సంగతే మర్చిపోయింది.

పెదకాకాని అవతల ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డులో ఆమె మిరపకాయలకు తొడిమలు తీస్తుంది. పక్కన కూర్చుని తీసేది హుస్సేన్‌బీ. ఇద్దరిదీ ఒకే ఊరు, ఎక్కేది ఒకే ఆటో. నమాజుకి ముందు నోరు పుక్కిలించి, ముక్కులోకి నీళ్ళు ఎక్కించి, మొహమూ చేతులూ కాళ్ళూ కడుక్కోవాలి. దాన్నే వజూ అంటారు. ఆ మధ్యాహ్నం కుళాయి దగ్గర కూర్చుని వీరమ్మ అంతా సక్రమంగా చేసింది. ఇంకేముంది! తుమ్ములే తుమ్ములు, కళ్ళలోంచి ధారలు, ఒకటే గావుకేకలు.

"ఓసి నీ మొహం మండ! చేతులు మజ్జిగతో కడుక్కోకుండా వజూకి కూర్చుంటారంటే ఎవరన్నా?" అని హుస్సేన్‌బీ నవ్వలేక మిరప బస్తాల మీద వాలిపోయింది. ఆ తర్వాత తన సంచీలోంచి మజ్జిగ సీసా తీసి, వీరమ్మ చేతులు రెండూ తనే రుద్ది రుద్ది కడిగింది. మర్నాటి నుంచి సీసా కాస్త పెద్దది తెచ్చేది.

వీరమ్మ తురకల్లో ఎందుకు కలిసిందని ఊళ్ళో ఒకటే ఆరా. డబ్బిచ్చారన్నారు, మందు పెట్టారన్నారు. కుండమూతికి వాసెన కట్టొచ్చు గానీ ఊరి మూతికి కట్టగలమా? అసలు సంగతి అంత పెద్దదేం కాదు. మొగుడు పానకాలు పోయాక ఇల్లు ఆమెను కరవడానికొచ్చేది. షెడ్డులో హుస్సేన్‌బీ ఖాళీ గోతం పరుచుకుని, వంగి, లేచి, నుదురు నేలకానించి లేచేసరికి ఆమె మొహం తేటపడి ఉండేది. ఆమె కూడా మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషే మరి. ఆ తేటదనం తనకీ కావాలనిపించింది వీరమ్మకి.

"నీకెందుకే ఈ తలనెప్పి? మీవాళ్ళొచ్చి నా ఎముకలిరగ్గొడతారు" అని హుస్సేన్‌బీ చాన్నాళ్ళు దాటేసింది. వీరమ్మ వదిలితేగా!

వంగడం, లేవడం వెంటనే వచ్చేశాయి. నాట్లేసిన నడుముకి అదో లెక్కా? నమాజులో చదివే మాటలకే నోరు తిరగలేదు. అప్పుడు హుస్సేన్‌బీ కాయకో మాట చొప్పున నేర్పింది. తొడిమ తుంచడం, మాట అనడం. మళ్ళీ తుంచడం, మళ్ళీ అనడం. ఖురానులోని సూరా వచ్చింది గానీ వేళ్ళు కదలకపోతే నోరు కదలదు. నమాజులో నిలబడ్డా వీరమ్మ వేళ్ళు గాల్లో తొడిమలు తుంచుతూనే ఉండేవి.

"అల్లా ముందు కూడా కూలి మానవేంటే నువ్వు!" అనేది హుస్సేన్‌బీ.

ఊళ్ళో ముస్లిముల ఇళ్ళు నాలుగో ఐదో. మసీదంటే రేకుల గది. వాళ్ళలోనూ కొందరు వీరమ్మని కొత్త కోడల్ని చూసినట్టు ఎగాదిగా చూసేవాళ్ళు. ఇవతలివాళ్ళు దూరం పెట్టారు, అవతలివాళ్ళు ఇంకా దగ్గరికి తీయలేదు. పక్కింటి వెంకటరావమ్మ పలకడం మానేసింది. కొడుకు శివనాగరాజు మంగళగిరిలో ఆఫీసు ఉద్యోగి. ఒక ఆదివారం వచ్చి, తలమీద ముసుగుతో ఉన్న తల్లిని చూశాడు. కేకలేమీ వేయలేదు. గోడమీది తండ్రి ఫోటో తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇది నీకు అక్కర్లేదుగా. నా గడప తొక్కొద్దు" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు హుస్సేన్‌బీ మజ్జిగ సీసా అందిస్తే వీరమ్మ వద్దంది. కారం చేతులతోనే మొహం కడుక్కుంది. నమాజు మొదలుపెట్టి ముగించేదాకా కళ్ళు కారుతూనే ఉన్నాయి. ఏమైందే అని పక్కవాళ్ళడిగితే, "కారం" అంది. అప్పట్నుంచి గుండె బరువెక్కినప్పుడల్లా ఆమె మజ్జిగ ముట్టేది కాదు. హుస్సేన్‌బీకి తెలియదా? అంతా తెలుసు. అయినా ఎవరన్నా అడిగితే తనే ముందు అందుకునేది. "కారమేనమ్మా. ఇవాళ కాయ మహా ఘాటుగా ఉంది" అనేది.

ఒకరోజు ఆటో కోసం నిలబడి ఉన్నప్పుడు హుస్సేన్‌బీ ఉన్నట్టుండి అంది: "నేను పోతే నాకు నీళ్ళు నువ్వే పొయ్యాలే. పోయినాళ్ళకి కూడా ఆ ఆఖరి స్నానంలో వజూ చేయిస్తారు. మా అబ్బాయి నాగూర్ వలికి చెప్పే ఉంచా."

"నీకేం పొయ్యేకాలమక్కా, అట్టాంటి మాటలు!"

"విను. ఆ కారం చేతులతో గానీ నా మొహం ముట్టుకున్నావో, లేచి తంతా. మజ్జిగతో శుభ్రంగా కడుక్కుని రా."

ఇద్దరూ నవ్వుకున్నారు. వీరమ్మ మాటిచ్చింది. తనని ఇంతగా నమ్మి ఒక పని ఒప్పగించినవాళ్ళు ఆమెకి ఈ లోకంలో ఇంకెవరూ లేరు.

వేసవి మొదట్లో హుస్సేన్‌బీ ఒంట్లో బాగాలేదని పనికి రాలేదు. షెడ్డులో తేజ రకం కాయలు పడ్డాయి, ముట్టుకుంటేనే మంట. మధ్యాహ్నానికి ముందే నాగూర్ వలి ఫోన్ చేశాడు. "పిన్నీ, అమ్మ పోయింది" అని మాత్రం అన్నాడు.

వీరమ్మ ఉన్నపళాన పరిగెత్తుకొచ్చింది. గుంటూరు నుంచి హుస్సేన్‌బీ ఆడపడుచు రహమత్‌బీ అప్పటికే వచ్చి పెత్తనం అందుకుంది. పెరట్లో చెక్కబల్ల వేసి, చుట్టూ దుప్పట్లు కట్టించింది.

"నిన్నగాక మొన్న మనలో కలిసినామె నీళ్ళు పొయ్యడమేంట్రా? ఆమెకి పట్టుమని నాలుగు సూరాలన్నా వచ్చా?" అంది మేనల్లుడితో.

"అమ్మ అడిగిందొక్కటే అత్తా. పిన్నే పోస్తుంది" అన్నాడు నాగూర్ వలి.

రహమత్‌బీ చెడ్డ మనిషేం కాదు. "సరే, అట్నే కానీరా. సాయంత్రం అసర్ నమాజు వేళకి తీసుకెళ్ళాలి. ఆలస్యం మాత్రం పనికిరాదు" అంది. నాగూర్ వలి గోరీ తవ్వించడానికి ఖబరస్తాన్‌కి వెళ్ళాడు.

వీరమ్మ దుప్పటి తొలగించి లోపలికి అడుగుపెట్టబోయి, తన చేతులు చూసుకుంది. అరచేతులు ఎర్రగా, భగభగమంటున్నాయి. "ఇప్పుడే చేతులు కడుక్కుని వస్తానండీ" అంది.

తన ఇంట్లో మజ్జిగ చుక్క లేదు. ఎన్నాళ్ళుగానో తొక్కని వెంకటరావమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"కాసిని మజ్జిగ పొయ్యి వదినా. హుస్సేన్‌బీ పోయింది."

వెంకటరావమ్మ ఆమె మొహంలోకి చూసి, లోపలికెళ్ళి కుండెడు మజ్జిగ తెచ్చింది. "మారాజు మనిషి" అంది. చేతుల మీద వంచుతూ నిలబడింది.

వీరమ్మ రుద్దుకుంది. చేతిని పెదవికి తాకించి చూసుకుంది. మండింది. మళ్ళీ రుద్దుకుంది, గోళ్ళ సందుల్లో, వేళ్ళ మధ్య. కొబ్బరినూనె రాసి, బూడిదతో తోమి, మళ్ళీ మజ్జిగతో కడిగింది. తేజ కాయ ఘాటు అంత తేలిగ్గా వదిలి చస్తుందా? ఈసారి కంటి కొనకి వేలు ఆనించి చూసుకుంది. చల్లగా ఉంది. అప్పుడు పరుగు తీసింది.

పెరట్లో దుప్పట్లు విప్పేస్తున్నారు. చెక్కబల్ల మీద నీళ్ళు ఇంకా జారుతున్నాయి. అంతటా కర్పూరం వాసన. హుస్సేన్‌బీకి తెల్లబట్ట చుట్టి, ముళ్ళు కూడా వేసేశారు.

"ఇంతసేపూ ఎక్కడికి పోయావమ్మా?" అంది రహమత్‌బీ. "చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. వేళ దాటిపోతుంటే మేమే కానిచ్చేశాం."

"మజ్జిగతో… చేతులు…" వీరమ్మ అరచేతులు రెండూ చాపి చూపించింది. "మొహం మండుతుందనీ…"

రహమత్‌బీ తెల్లబోయింది. "పోయినామెకి మంటేంటమ్మా, పిచ్చిదానా!"

అవును, ఏం మంట? ఆ మాట అంతసేపూ వీరమ్మకి తట్టనే లేదు. హుస్సేన్‌బీ కడుక్కుని రమ్మంది, వీరమ్మ కడుక్కుంది. అంతే.

రహమత్‌బీ ఏమనుకుందో, తలవైపు ముడి కాస్త వదులు చేసి మొహం చూపించింది. ముట్టుకోవచ్చా అని వీరమ్మ కళ్ళతోనే అడిగింది. ఆమె తల ఊపింది. కారం లేని అరచెయ్యి అక్క చెంపకి ఆనించింది వీరమ్మ. లేచి తన్నేవాళ్ళెవరూ లేరు. తన్నినా బాగుండును.

జనాజా మగవాళ్ళ భుజాల మీద వెళ్ళిపోయింది. అసర్ అజాన్ వినిపించింది. వీరమ్మ పెరట్లోనే, ఆ తడిబల్ల పక్కనే వజూకి కూర్చుంది. నోరు పుక్కిలించింది. ముక్కులోకి నీళ్ళు ఎక్కించింది. మొహం కడుక్కుంది. ఎక్కడా మండలేదు. గోతం పరుచుకుని నిలబడి, గాల్లో ఒక్కో తొడిమా తుంచుతూ మాటలు మొదలుపెట్టింది. సగంలోనే కళ్ళు ధారలు కట్టాయి, ఎంతకీ ఆగలేదు.

పక్కనే నమాజు ముగించిన రహమత్‌బీ అది చూసి భుజమ్మీద చెయ్యేసింది. "ఏంటమ్మా, కారమింకా వదల్లేదా?"

"వదిలిందండీ," అంది వీరమ్మ. "శుభ్రంగా కడుక్కున్నాను."