చల్లగాలి కోసం వేసిన బోరు

ఉన్న ఏసీలు అమ్మేసి, నడి వేసవిలో ఇల్లు చల్లబరుస్తానన్న మొగుడిని ఏమనాలో శ్రావణికి తెలియలేదు. వచ్చిన తిట్లన్నీ అప్పటికే అయిపోయాయి. ఏడో నెల కడుపు, మే నెల ఎండ, లింగంపల్లి అవతల కొత్తగా కట్టుకున్న ఇల్లు. ఫ్యాను వేస్తే పెనం మీది గాలి. ఆ సెగలోనే కూర్చుని ఆఫీసు పని చెయ్యాలి. మొన్న కళ్లు తిరిగి పడబోయింది కూడా. వేడికి దూరంగా ఉండమంది డాక్టరమ్మ. ఎక్కడికి పోవాలి, ఫ్రిజ్‌లో కూర్చోవాలా?

ప్రవీణ్ లెక్క వేరు. పైన ఎండ ఎంత మండినా భూమి లోతుల్లో వేడి పెద్దగా మారదట. బోరు వేసి, గొట్టాలు దించి, వాటిలో నీళ్లు తిప్పితే ఇంట్లోని వేడి నేలలోకి పోతుందట. చలికాలంలో అదే యంత్రం ఇల్లు వెచ్చగా ఉంచుతుందట. సెలవు రోజున వీడియోలు చూసే మొగుడితో వేగడం ఎవడి తరం!

మామ పెద్దన్నది ఇంకో గోల. కదిరి దగ్గర సేద్యం చేసి, భార్య పోయాక కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి. ఇది నీళ్ల బోరు కాదు నాయనా అని కొడుకు చెప్పిన ప్రతిసారీ "సరేలే" అన్నాడు. బోరు బండి వచ్చిన పొద్దున చూస్తే పసుపు కుంకుమ చల్లి, టెంకాయ కొట్టి, గంగమ్మకు మొక్కుతున్నాడు.

"నీళ్లు పడాలని మొక్కకు మామా!" శ్రావణి నెత్తి కొట్టుకుంది.

పడ్డాయి. మధ్యాహ్నానికి బురద, ఆ వెనకే తేటనీళ్లు ఎగజిమ్మాయి. ట్యాంకర్ల మీద బతికే వీధంతా గేటు దగ్గరికి వచ్చేసింది.

పని చేయిస్తున్న మధుసూదన్ బండి ఆపించి, "ఫికర్ చెయ్యకుండ్రి మేడం. నీళ్లుంటే ఇంకా మంచిగ చల్లబడ్తది. పైపులు దింపి సిమెంటుతోని మూసేస్తం," అన్నాడు.

అంతే! పెద్దన్న పోయి బోరు పక్కన బురదలో చతికిలబడి, దాని మూతికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"గంగమ్మ తల్లి పైకొస్తే నోట్లో సిమెంటు పోస్తారంట్రా? నేను లేయను!"

"ఇంకో బోరుకి చోటు లేదు నాయనా," ప్రవీణ్ బతిమాలాడు.

శ్రావణికి ఒళ్లు మండిపోయింది. నడుం పట్టుకుని బయటికొచ్చింది.

"లేస్తావా లేదా మామా? నేను మనిషిని కానా? ఈ కడుపుతో ఉడికి చావాలా?"

పెద్దన్న బోరు వైపే చూస్తూ అన్నాడు.

"చేన్లో బోరు మీద బోరు వేపిస్తినమ్మా. యాడ చూసినా దుమ్మే లేసె. ప్రతిసారీ మీ అత్త పద్మావతి బిందె పట్టుకోని నిలబడుకోనుండేది. వట్టి బిందెతోనే ఇంటికి పోయేది. ఒక్క తూరి కూడా దానికి నీళ్లు చూపీలేకపోతి." కళ్లు తుడుచుకుని, మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు. "సరే, మూసేయండ్రా. నీ కడుపులో బిడ్డ కంటే నాకేం ఎక్కువమ్మా."

"పైపులు దింపాల్నా మేడం?" అడిగాడు మధుసూదన్.

శ్రావణి విసవిసా లోపలికి పోయి, వంటింట్లోంచి ఇత్తడి బిందె తెచ్చి మామ చేతుల్లో పెట్టింది.

"బండి మళ్లీ తిప్పించండి, ఈ బిందె నిండాలి. పైపులూ వద్దు, సిమెంటూ వద్దు," అంది మధుసూదన్‌తో. తర్వాత మొగుడి వైపు తిరిగి, "నువ్వట్లా నిలబడి చూడకు. పోయి మోటారు తీసుకురా. నాకు చల్లగాలి ఎక్కణ్నుంచి తెస్తావో, ఆ చావేదో నువ్వే చావు!" అని అరిచింది.