పదకొండేళ్ల తీగలు

ఆ గిటారు మీద తమ్ముడి కన్ను పడి పదకొండేళ్లయింది. ఇలా చెబితే అతన్ని తప్పుపట్టినట్టు ఉంటుంది గానీ, ఉన్న మాటే. అన్నయ్య దాన్ని ఇంటికి తెచ్చి పెట్టె మూత తీసిన రోజునే పడింది. మామూలు గిటారు కాదది, బేస్ గిటారు. నాలుగే తీగలు, లావుపాటివి. పాట అడుగున బరువుగా నడిచే మోత. అందులోనూ ఒక పేరుమోసిన వాద్యకారుడి సొంత గిటారును చూసి, అచ్చం అలాగే చేసి, ఆయన సంతకం వేసి కంపెనీ అమ్మిన రకం.

ఆ పెద్దమనిషికి ఒక పట్టుదల ఉండేది. తీగలు మార్చేవాడు కాదు. ఏళ్ల తరబడి చేతి చెమట, జిడ్డు పట్టి తీగ మొద్దుబారితేనే అసలు మోత పుడుతుందనేవాడు. అన్నయ్యకు అది వేదవాక్కు. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం అతనిది. సాయంత్రం ఇంటికొచ్చి, గ్రీజు వదిలేదాకా చేతులు రుద్దుకుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వాయిస్తూ కూర్చునేవాడు. శనివారాలు మిత్రులతో కలిసి ఒక హోటల్లో కచేరీ. పదకొండేళ్లలో ఒక్క తీగ మార్చలేదు. తమ్ముడికి నేర్పిందీ తనే, కానీ వేరే పాత గిటారు మీద. దీన్ని మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"నీ చెమట వేరురా. నా తర్వాత తీసుకో" అని నవ్వేవాడు.

రెండు నెలల క్రితం, పనిలో ఉండగానే అన్నయ్య గుండె ఆగిపోయింది. నలభై ఆరేళ్లు. తమ్ముడు కుప్పకూలి ఏడ్చాడు. ఆ ఏడుపు మధ్యలోనే గిటారు గుర్తొచ్చింది. తను పనిచేసే కళ్లద్దాల కొట్లో అద్దాలు అరగదీస్తున్నంతసేపూ ఆ సంగతే తలుచుకుని తనను తాను తిట్టుకునేవాడు. అందుకే నోరు తెరిచి అడగలేదు. వదినే ఫోన్ చేసి, "ఆదివారం రావయ్యా, నీ వస్తువు నువ్వు తీసుకెళ్దువుగాని" అంది.

ఇంట్లో అన్నయ్య ఫోటోలు బోలెడున్నాయి. అతని వాయింపు మాత్రం ఎవరూ రికార్డు చేయలేదు. పెట్టె తెరిచి ఒక్కసారి మీటితే చాలు, అన్నయ్య పక్క గదిలో ఉన్నట్టే ఉంటుందని తమ్ముడి ఆశ. దారి పొడుగునా ఆ ఆశతోనే వచ్చాడు.

వదిన పెట్టెను మంచం మీద పెట్టి మూత తీసింది. గిటారు తళతళలాడుతోంది.

"ఎలా ఉంది? మీ అన్నయ్య దీన్ని ఎంత అధ్వాన్నంగా ఉంచాడో! తీగలన్నీ నల్లగా, జిడ్డోడుతూ. అలాగే నీ చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు. షాపులో ఇచ్చి శుభ్రం చేయించాను. తీగలు కూడా కొత్తవి వేయించాను."

తమ్ముడు వంగి తీగల్ని చూశాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ తీగల పురాణం విప్పిన మనిషికి, కట్టుకున్న ఆవిడకు ఒక ముక్క చెప్పాలని తోచలేదు. మహానుభావుడు!

"పాతవి... ఉన్నాయా వదినా?"

"వాటినేం చేసుకుంటావు? షాపతను కత్తిరించి పారేశాడు. పది రోజులైంది."

కోపం నషాళానికి అంటింది. అరిచేసేవాడే. కానీ ఆవిడ మెత్తటి గుడ్డ తీసుకుని, అప్పటికే మెరుస్తున్న చెక్కను ఇంకోసారి తుడుస్తోంది.

"వాయించు. ఆయన శనివారం మొదట వాయించేది ఉంది చూడు, అది. ఇంట్లో చప్పుడు లేక పిచ్చెక్కుతోంది నాకు."

తమ్ముడు వాయించాడు. తీగ ఖంగుమంది. వదిన కళ్లు మూసుకుని వింది. కాసేపటికి ఆమె నొసలు ముడిపడింది.

"ఇది కాదయ్యా. రోజూ వంట చేస్తూ వినేదాన్నిగా, కడుపులోకి దిగేది. ఇదేంటి, గిన్నె మోగినట్టు మోగుతోంది?" ఆమె ముఖం పాలిపోయింది. "షాపతను ఏమైనా పాడుచేశాడా? నేను ఇవ్వకుండా ఉండాల్సిందా?"

అవునంటే ఆవిడ బతికినన్నాళ్లూ ఆ మాటను మోస్తుంది.

"గిటారుకేం కాలేదు వదినా. చెయ్యి తేడా. అన్నయ్య చెయ్యి నాకెక్కడ వస్తుంది?"

ఆవిడ నమ్మింది. హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది. తర్వాత అతని మీద జాలిపడింది.

"అంతేనా! ఆయనకి మాత్రం పుట్టుకతో వచ్చిందా? ఒక పని చెయ్యి. దీన్ని ఇక్కడే ఉంచు. రోజూ పనయ్యాక వచ్చి వాయించు. ఆయనలా వచ్చాక తీసుకెళ్దువుగాని. ఎన్నాళ్లు పడుతుంది?"

తమ్ముడు తీగల మీద వేళ్లు ఆనించాడు. చల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

"చాలా ఏళ్లు పడుతుంది వదినా."

"పట్టనీ. నేనెక్కడికి పోతాను?" అంటూ లేచింది. "నేను పొయ్యి దగ్గరుంటాను. అక్కడినుంచైతేనే నాకు బాగా తెలుస్తుంది. మొదట్నించి వాయించు."

వంటగదిలో కుళాయి తిప్పిన చప్పుడైంది. తమ్ముడు మొదటినుంచి వాయించడం మొదలుపెట్టాడు.