భీమరాజు గారి వెనక ముప్పై ఏడు సైకిళ్లు

పొద్దున్న ఆరింటికి అమలాపురంలో సైకిలు పందేనికి జెండా ఊపినప్పుడు సుందరరావు మాస్టారికి ఉన్న కోరిక ఒక్కటే. కాలవగట్ల మీద, గ్రావెల్ రోడ్ల మీద నూట పది కిలోమీటర్లూ తొక్కి, సాయంత్రం నాలుగులోపు మళ్లీ అక్కడికే చేరాలి. రాజోలులో ముప్పై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి. ఆయన బడిలోనే ఆటలు నేర్పే లక్ష్మీతులసి ఆర్నెల్లపాటు వెంటపడి మరీ తొక్కించింది. చిన్ననాటి స్నేహితుడు సోమేశ్వరరావు అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారి. సుందరం తొక్కగా లేనిది తానెందుకు తొక్కలేనని పంతం పట్టి ఆయన కూడా పేరిచ్చాడు.

అరవై ఎనిమిదో కిలోమీటరు దాకా ముగ్గురూ బాగానే వచ్చారు. అక్కడ గట్టు బాగా సన్నబడింది. ఒకపక్క నిండు కాలవ, మరోపక్క నీళ్లు పెట్టిన వరిచేను. ముందు, వాళ్లు వెళ్లే వైపే, ఒక శవయాత్ర నెమ్మదిగా సాగుతోంది.

"బెల్లు కొట్టనా?" అన్నాడు సోమేశ్వరరావు.

"శవానికి బెల్లు కొడతావట్రా, బుద్ధుందా?" అన్నాడు సుందరరావు.

"దాటి వెళ్లకూడదండీ మాస్టారూ. దిగి నడిచేద్దాం," అంది లక్ష్మీతులసి.

దిగారు. హెల్మెట్లు తీసి చంకన పెట్టుకున్నారు. వెనక వచ్చినవాళ్లు వచ్చినట్టే దిగారు. పావుగంటలో లైను ముప్పై ఏడు సైకిళ్లకు పెరిగింది. బూట్ల అడుగున పెడలుకు తగిలించే బిళ్లలు రాళ్ల మీద టకటకమంటున్నాయి. డప్పు దెబ్బకీ ఆ చప్పుడుకీ ఎలా కుదిరిందో గాని, కాసేపటికి అందరి అడుగులూ ఒకేలా పడుతున్నాయి.

డప్పు వాయించేవాళ్లతో కలిపి యాత్రలో ఉన్నది తొమ్మిదిమంది. చివరన నడుస్తున్న పెద్దాయన వెనక్కి తిరిగి చూసి నిలబడిపోయాడు.

"నా పేరు కనకరాజండి, మా బావగారండి పోయింది. తమరెక్కణ్నించండీ?"

"నేను రాజోలండి," అన్నాడు సుందరరావు.

"ఆ వెనకాళ్లో?"

"హైదరాబాదు వాళ్లున్నారండి. ఆ కుర్రాడి పేరు ఆదిత్యండి, బెంగుళూరు..."

పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "బెంగుళూరు నించి సైకిలేసుకొచ్చేరా, మా బావ కోసం!"

సుందరరావు నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. సోమేశ్వరరావు డొక్కలో పొడిచాడు. ఈలోగా పెద్దాయన ఆదిత్య చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్లిపోయాడు. పాడె మోస్తున్న నలుగురూ అలిసిపోయారట, భుజం మార్చుకోవడానికి ఐదోవాడు లేడట. బిగుతు లాగుతో, మొహానికి నల్లకళ్లద్దాలతో ఆదిత్య పాడె కింద భుజం పెట్టాడు. పొద్దున్న అమలాపురంలో ఈ పందెం వాడిదేనని అందరూ అనుకున్నారు, దారిలో టైరు పంచరై వెనకబడ్డాడు. తర్వాత తులసి తప్ప అందరూ వంతులవారీగా మోశారు. సైకిళ్లు మాత్రం ఆమె ఒక్కతే చూసుకోలేక నానా అవస్థా పడింది.

శ్మశానంలో ఫ్లెక్సీ చూశాకే పోయినాయన పేరు భీమరాజని సుందరరావుకు తెలిసింది. నిప్పుకుండ పట్టుకున్న కొడుకు వీరబాబు ఏడుస్తూ, "పెద్దవారు, రెండు ముక్కలు చెప్పండి," అన్నాడు.

అడిగితే మాట్లాడకుండా ఉండటం మాస్టారికి చేతకాదు. "భీమరాజు గారికి సైకిలంటే ప్రాణమండి," అని మొదలుపెట్టాడు. డప్పు వాయించేవాడికి దగ్గొచ్చింది. సైకిలు వల్ల ఆరోగ్యం, క్రమశిక్షణ, ఊరి పట్ల ప్రేమ, అన్నీ భీమరాజు గారికి అంటగట్టి, చర్చిలో అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని, "ఆమెన్," అని ముగించాడు.

"ఆయ్," అన్నారందరూ.

తర్వాత ముప్పై ఏడుమందీ బట్టలతోనే కాలవలో మునిగారు. ఇంటికొచ్చి దీపం చూసి వెళ్లాలని వీరబాబు పట్టుబట్టడంతో, నీళ్లోడుతూ వీధిలోకి వచ్చారు. భీమరాజు భార్య బుచ్చమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. సుందరరావు ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, క్షమించాలి. మేం పందెంలో ఉన్నామండి. ఆయనెవరో మాకు తెలీదు."

"తెలుసు బాబూ. చావుకొచ్చేవాళ్లు వీపు మీద నంబర్లేసుకుని వస్తారా?" అంది బుచ్చమ్మ. "సైకిలంటే ఆయనకి పడదు. పదకొండేళ్ల కిందట ఎవడో గుద్దేసి కాలిరగ్గొట్టేడు. అప్పట్నించీ వీధిలో బెల్లు మోగితే కర్రుచ్చుకుని లేచేవోరు."

సుందరరావు హెల్మెట్టు వీపు వెనక దాచుకున్నాడు.

"సైకిళ్లతోనే కాదు, ఊళ్లో అందరితోనూ తగువే. గట్టు తగువు, నీళ్ల తగువు, కోడి తగువు. ఎవరొస్తారు? మావాడికి పొద్దుట్నించీ అదే దిగులు. ఇప్పుడు చూడండి, చుట్టుపక్కలోళ్లందరికీ చెప్పుకుంటన్నాడు." బుచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో సుందరరావుకు తెలియలేదు. "వాడికి మాత్రం చెప్పకండేం. పెద్దకార్యానికి కూడా రావాలి."

మిగిలిన నలభై రెండు కిలోమీటర్లూ ఎవరూ ఎవర్నీ దాటలేదు. అందరూ కలిసి అమలాపురం చేరేసరికి ఆరు కావొస్తోంది. అక్కడ తోరణాలు విప్పేస్తున్నారు. పందెం పెట్టినాయన వీళ్లను పైనించి కిందదాకా చూశాడు.

"ముప్పై ఏడుమందీ ఒకేసారి ఆలస్యమెలా అయ్యేరండీ?"

"దగ్గరవాళ్లు పోయేరండి," అంది లక్ష్మీతులసి.

"అయ్యయ్యో, ఎవరికండీ?"

"అందరికీనండి."

ఆయన ఇంకేమీ అడగకుండా ముప్పై ఏడు పేర్లకూ ఎదురుగా అడ్డగీత గీశాడు. సుందరరావు పెద్దకార్యం నాడు సెలవు పెట్టి, సోమేశ్వరరావునూ తులసినీ వెంటబెట్టుకుని వెళ్లి భోంచేసి వచ్చాడు. ముగ్గురూ బస్సులోనే వెళ్లారు.