మేము, మనం

“గిన్నెలు మనం తర్వాత కడుక్కుందాంలే, ముందు ఇలా వచ్చి కంప్యూటర్లో ఈ రాగిది చూడు,” అన్నారు మా ఆయన. మా ఇంట్లో మనం అంటే నేను. మనం బట్టలు ఆరేయాలి, మనం అమ్మకి మందులు తేవాలి. వినబడనట్టు కడుగుతూనే ఉన్నాను.

ఇద్దరం ఒకే ప్రయోగశాలలో పనిచేస్తాం. ఆయన బృందానికి పెద్ద. పాప పుట్టాక కొన్నేళ్లు ఇంటిపట్టున ఉండి వెళ్లిన పాపానికి నేను ఆయన కింద సహాయకురాలిని. నికెల్, రాగి లాంటి లోహపు పరమాణువు చుట్టూ ఏయే అణువులు పట్టుకుని ఉన్నాయో చూసి, స్ఫటికం తయారు కాకముందే ఆ మొత్తం ఏ ఆకారంలో ఉంటుందో చెప్పడం మా పని. మొన్నటి నికెల్ చుట్టూ నాలుగున్నాయి. కంప్యూటర్ నాలుగు మూలల పిరమిడ్ ఆకారం చూపించింది. కాదు, ఈ నాలుగూ గట్టిగా పట్టే రకం, చతురస్రంలా చదునుగా ఉంటుంది అన్నాను. “కంప్యూటర్ కంటే నీకే ఎక్కువ తెలుసేం!” అని ఆయన నవ్వితే గదంతా నవ్వింది.

ఇవాళ స్ఫటికం ఫలితం వచ్చింది. చదునే.

భోజనాల దగ్గర డైరెక్టర్‌గారితో ఫోన్లో, “అవునండీ, మేం ముందే ఊహించాం,” అన్నారు. “మావాడి బుర్రే బుర్ర. నువ్వూ అక్కడే ఉంటావుగా, చూసి నేర్చుకోవే,” అంది అత్తయ్య. ఫోన్ పెట్టేసి ఆయన నావైపు తిరిగి, “మేం అనుకున్నట్టే వచ్చింది, తెలుసా!” అన్నారు. నాకే చెబుతున్నారు! మేము అంటే ఎదుటి మనిషి అందులో లేనట్టేనని మా పాపకి కూడా తెలుసు. ఆ ముఖంలో కాస్తయినా బెరుకు ఉందేమోనని వెతికాను. లేదు. నిజంగానే నమ్మేశారు. ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. ఆయన మీద కంటే, అలవాటుగా తలూపేసిన నా మీద.

“వస్తున్నావా? రేపు మీటింగులో మనం చెప్పాలి,” అన్నారు మళ్లీ.

చేతులు తుడుచుకుని వెళ్లాను. తెర మీద రాగి చుట్టూ ఆరు, అన్నీ సమాన దూరంలో ముచ్చటగా ఉన్నాయి. ఈ రాగి అలా కుదురుగా ఉండదు. ఎదురెదురుగా ఉన్న రెండు తప్పకుండా దూరం జరుగుతాయి. చూడగానే తెలిసిపోయింది.

“ఏమంటావ్?”

“నాకు తెలియడం లేదండీ.”

పని విషయంలో ఆయనతో ఆడిన మొదటి అబద్ధం అది.

“సర్లే, కంప్యూటర్ చెప్పిందే చెప్పేద్దాం,” అని ఆవులించారు.

రేపు డైరెక్టర్‌గారి ముందు, అందరి ముందూ, ఆరూ సమానమేనని ఆయన చెబుతారు. అప్పుడు నేను లేచి నిలబడి కాదంటాను. సాయంత్రం మళ్లీ ఈ ఇంటికి ఎలా వస్తానన్నది మాత్రం నా ఊహకి అందడం లేదు.