ఫెర్దాక్ బిషప్ గంట

ఫెర్దాక్ బిషప్ చనిపోయి పదమూడు వందల ఏళ్లయింది. అయినా ఆ తీరంలో తగవు వస్తే జనం కోర్టుకు పోరు, సబీనా గిల్డే ఇంటికి వస్తారు. బిషప్ మోగించిన ఇనుప గంటను కాపాడే వంశం ఆమెది. దాని మీద అబద్ధపు ప్రమాణం చేసినవాడి మూతి ఏడాది తిరక్కుండా వంకరపోతుందని అందరి నమ్మకం.

ఈసారి తగవు సబీనాదే. ఆమె ఆలుగడ్డ మడులకు ఎరువయ్యే సముద్రపు నాచును కోసుకునే ఒడ్డు ముక్క, ఆ నాచు మేర, తనదని పక్కింటి ఫెస్టీ హెషన్ అంటున్నాడు. నాచు లేకపోతే ఆ మడులు ఇసుకే. ఆమె తిండి వాటి మీదే. గంట మీద ప్రమాణం చేస్తానని అతనే అన్నాడు.

జనం వాకిట్లో నిలబడి ఉండగా అతను లోపలికి వచ్చి తలుపు మూశాడు.

“గుడ్డలో ఉన్నది గొర్రె గంటేగా, సబీనా? కరువులో మీ తాత అసలుది డబ్లిన్ దొరకి అమ్ముకున్నాడు. మూట మోసింది మా తాతే. పో, బయటికెళ్లి చెప్పుకో.”

నిజమే. తండ్రి చనిపోయే ముందు ఆమెకు ఆ సంగతి చెప్పాడు. ఇప్పుడు బయటపెడితే గిల్డేల మాట ఇక ఎవరూ నమ్మరు; మేర తమదన్న మాటా నమ్మరు. ఆమె గుడ్డ విప్పకుండానే గంటను వాకిట్లోకి తెచ్చింది. ఫెస్టీ టోపీ తీసి, దాని మీద చెయ్యి పెట్టి, మేర తన తండ్రిదని మూడుసార్లు అన్నాడు. మేర అతనిదయింది.

ఆ రోజు నుంచి ఊరు అతని మూతి చూడసాగింది. పొగాకు అడిగితే దుకాణదారు పెదాల వంక చూసేవాడు. భార్య గంజి పెట్టి, ఎదురుగా కూర్చుని, అతను మింగేదాకా చూపు తిప్పేది కాదు. కోసిన నాచును తెప్పగా కట్టి తాడుతో ఒడ్డుకు లాగాలి. నలుగురు మగాళ్లు లేనిదే అది కదలదు. ఏడాది గడవనీ, వస్తాం అన్నారు అందరూ. ఫిబ్రవరిలో పన్ను పోటుకు అతని ఎడమ బుగ్గ వాచింది. చర్చిలో అతని బల్ల మీద ఎవరూ కూర్చోలేదు.

అతను సబీనా గుమ్మంలోకి వచ్చాడు.

“అది గొర్రె గంటని వాళ్లకి చెప్పవే.”

“నువ్వే చెప్పు. ముందే తెలుసుననీ చెప్పు. తెలిసి ఎందుకు చెయ్యి పెట్టావని అడుగుతారు, దానికీ ఏదో ఒకటి చెప్పుకో.”

“ఇది పన్ను వాపే.”

“ఏడాదికింకా ఏడు నెలలున్నాయి. చూద్దాం.”

“బిషప్ అంటే నీకు భయం లేదే.”

“నీకుందా? ఊరికుంది. నాకది చాలు.”

ఆదివారం పూజ అయ్యాక ఫెస్టీ చర్చి గేటు దగ్గర నిలబడి, మేర గిల్డేలదని, తనే పొరబడ్డానని చెప్పాడు. గురువారం పన్ను పీకించుకున్నాడు. వాపు తగ్గింది. బిషప్ క్షమించాడన్నారు జనం.

మరుసటి వారం సబీనా నాచు లాగించింది. తాడు పట్టిన నలుగురిలో ఫెస్టీ ఒకడు. ఆమె అతన్ని నడుము లోతు నీళ్లలో నిలబెట్టింది.