అత్త నేర్పని నొక్కు

టైలరు షాపు మీద రెండు గదుల్లో సంగీతం చెప్పే టీచరమ్మకి ఒక పొగరుండేది. తన దగ్గర నోటు పుస్తకాలు కుదరవు, సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకోవడాలు అసలే కుదరవు. "చెవులప్పగించి విను. విన్నది విన్నట్టు పాడు," అనేది. తనూ ఆ పద్ధతిలోనే నేర్చుకుంది, పాతికేళ్ళకే పెద్ద పెద్ద హాళ్ళు నింపింది.

ఆ హాళ్ళ కథ ఎలా ముగిసిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒకసారి జలుబుతోనే వేదికెక్కింది. పై స్థాయిలో గొంతు పుటుక్కున విరిగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మైకుని తిట్టి ఆ పూట గట్టెక్కింది. ఆ తర్వాతి కచేరీ నుంచి పై స్వరం రాగానే గొంతు బిగించి, కిందనుంచి నొక్కి పైకి తోసేది. జనం అదేదో కొత్త సొగసనుకుని చప్పట్లు కొట్టారు, దానికి 'నొక్కు' అని పేరు కూడా పెట్టారు. మెచ్చుకుంటున్న తప్పుని ఎవరు దిద్దుకుంటారు? పదేళ్ళు నొక్కింది. నొక్కగా నొక్కగా ముందు పై స్థాయి పోయింది, తర్వాత మధ్యలో సగం పోయింది, ఆ తర్వాత పిలుపులు పోయాయి. అప్పుడు టీచరమ్మయింది. శ్రుతి బాగా తగ్గించుకుని, ఆ నొక్కుతోనే నెట్టుకొచ్చింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే అనుకోండి, కానీ శ్రద్ధగానే అమ్మింది.

పెళ్ళీ పెటాకులూ లేకుండా తమ్ముడింట్లోనే ఉండిపోయింది. శిష్యులందరిలోకీ ఆమె ప్రాణం తమ్ముడి కూతురు. పిల్లకి పద్దెనిమిదేళ్ళు. తల్లి లేదు, అత్త ఒళ్ళోనే మాటలూ పాటలూ నేర్చింది. ఒక్కసారి వింటే చాలు, అచ్చుగుద్దినట్టు పాడేస్తుంది. పోయిన తన గొంతు ఆ పిల్ల నోట వింటుంటే టీచరమ్మకి ఇంకా బతకాలనిపించేది.

ఆ వేసవిలో పిల్ల గొంతు పొద్దున్నే బొంగురుపోవడం మొదలైంది. నెలైనా తగ్గకపోతే గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన సన్నని గొట్టం లోపలికి పంపి తెర మీద చూపించాడు. స్వరతంత్రుల మీద చెరోవైపు బియ్యపుగింజంత బొడిపె.

గొట్టం తీసేశాక, "ఏదీ, కాస్త పైకి పాడమ్మా," అన్నాడు.

పిల్ల పాడింది. మెడ నరాలు తాళ్ళలా లేచాయి.

"ఆపు, ఆపు! ఈ నొక్కడం ఎవరు నేర్పారు నీకు?"

"మా అత్త బాణీ అండీ అది," అంది పిల్ల గర్వంగా.

టీచరమ్మకి నేనెప్పుడూ నేర్పలేదని అరవాలనిపించింది. నిజంగానే నేర్పలేదు. విన్నది విన్నట్టు పాడమంది, అంతే.

"ఆరు వారాలు మాట కూడా వద్దు, బొడిపెలు తగ్గుతాయి," అన్నాడు డాక్టరు. "కానీ ఈ అలవాటు మానకపోతే మళ్ళీ వస్తాయి. మళ్ళీ వస్తే ఇక పాట సంగతి మర్చిపోండి."

ఆ ఆరు వారాలూ పిల్ల కాగితం ముక్కల మీదే మాట్లాడింది. "అక్కా, ఇది సరిగ్గా తిండి కూడా తినట్లేదు. పాట లేకపోతే ఏమైపోతుంది?" అని తమ్ముడు అడిగితే ఆమె లేచి పిల్లకి అన్నం కలిపింది.

ఏడో వారం తలుపేసి, పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇన్నేళ్ళ దాపరికం కక్కేసింది. "అది సొగసు కాదే. విరిగిన గొంతుకి నేనేసుకున్న అతుకు. జనం మెచ్చుకున్నారని పట్టుకు వేళ్ళాడాను. నీకూ అంటించాను."

"ఊరుకో అత్తా. ఆ నొక్కు వినడానికే జనం వచ్చేవాళ్ళట. నాన్న చెప్పాడు."

"మీ నాన్నకి పాటకీ ప్రెషర్ కుక్కర్ కూతకీ తేడా తెలీదు. ఇప్పుడు నొక్కకుండా పాడతాను. విను, అలాగే పాడు."

భుజాలు దించింది. మెడ వదులు చేసింది. ఉత్త గొంతుతో పై స్వరానికి వెళ్ళింది. అందలేదు. గొంతు పుటుక్కున విరిగి, రెండుగా చీలి, చివరికి గాలి మిగిలింది. సిగ్గుతో చచ్చిపోయింది. అయినా నొక్కలేదు కదా, పిల్లకి దారి దొరికితే చాలుననుకుంది.

పిల్ల కళ్ళు మూసుకుని విన్నది. ఊపిరి తీసుకుని మొదలుపెట్టింది. మెడ వదులుగానే ఉంది. స్వరం హాయిగా ఎక్కింది. ఎక్కి, సరిగ్గా అత్త గొంతు విరిగినచోటే పుటుక్కున విరిగింది. అలాగే రెండుగా చీలింది. చివర్లో గాలి కూడా అంతే వచ్చింది.

కళ్ళు తెరిచి, "సరిగ్గా వచ్చిందా అత్తా?" అంది ఆశగా.

టీచరమ్మకి గుండె చెరువైపోయింది. ఈ పిల్లకి తన సొంత గొంతు ఎలా ఉంటుందో తెలియదు. తెలిసే వీలు తనే ఇవ్వలేదు.

"రేపట్నుంచి రేకుడబ్బా దగ్గరికి వెళ్ళు," అంది. పక్క వీధిలో సంగీతం చెప్పే ఆయనకి ఆ పేరు పెట్టి ఇన్నేళ్ళూ వెక్కిరించింది తనే. "మంచివాడు. ఎవరి గొంతు వాళ్ళని పాడనిస్తాడు."

"ఎన్నాళ్ళు?"

"నా పాట మర్చిపోయేదాకా."

"నా వల్ల కాదత్తా."

"కావాలే తల్లీ," అని పిల్ల చేతులు పట్టుకుని ఏడ్చింది.

ఆ వారమే మిగతా శిష్యుల్నీ పంపించేసింది. తను ఇంట్లో ఉంటే ఏ కూనిరాగమో పిల్ల చెవిన పడుతుందని, మంచం టైలరు షాపు మీది గదుల్లోకి మార్చేసుకుంది. మూడోరోజే పిల్ల మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టింది. "అత్తా, ఒక్కసారి పలుకు," అని ఏడుస్తూ చాలాసేపు నిలబడింది. లోపల ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది.